శంషాబాద్ మీదుగా జుమాగీ

వైజాగ్ నుంచి మా ఊరికి రావడానికి నేను విమానంలో మా ఊరి నెత్తి మీదుగా ఎగిరి, హైదరాబాద్ దాకా పోయి, అక్కడ దిగి, కారులో మళ్లీ వెనక్కి వచ్చాను. బుద్ధి ఉన్నవాడెవడూ ఇలాంటి పని చేయడు. నేను చేశాను. ఎందుకంటే ఒక ఆడపిల్ల పెళ్లి కుదరడమా, చెడడమా అన్నది ఆ ప్రయాణం మీదే ఆగి ఉంది.

ఆ పిల్ల పేరు తబస్సుం. మా పక్కింటి మన్సూర్ కూతురు. ఖమ్మంలో ఒక దవాఖానాలో రక్త పరీక్షలు చేస్తుంది. మన్సూర్‌కు జూలూరుపాడు సెంటర్లో పరుపుల దుకాణం. వాళ్ల తాత దూదేకుతూ ఊళ్లు తిరిగాడు, మన్సూర్ షట్టర్ వేసుకుని కూర్చున్నాడు. నేను ఆదినారాయణను. బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాను. మన్సూర్ దుకాణంలో పరుపుల దొంతర మీద కూర్చుని పేపరు చదవడం ఇప్పుడు నా ఉద్యోగం. జీతం లేదు గానీ చాయ్ ఉంది.

సంబంధం వైజాగ్‌ది. పిల్లవాడు సోహైల్, రేవులో క్రేన్ నడుపుతాడు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే మేనమామ ముస్తకీమ్ పెంచాడు. ఈ ముస్తకీమ్ ఫోమ్ షీట్ల వ్యాపారి. మన్సూర్ దుకాణానికి సరుకు ఆయన దగ్గర్నుంచే వస్తుంది, ఆ రాకపోకల్లోనే సంబంధం కూడా వచ్చింది. తబస్సుంకు పిల్లవాడు నచ్చాడని ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. వైజాగ్‌లో వాన పడితే ఈ పిల్ల ఇక్కడ గొడుగు వెతుక్కునేది.

అన్నీ బాగున్నాయి. ఒక్క ఇస్మత్ దగ్గరే బండి ఆగింది. ఇస్మత్ అంటే మన్సూర్ భార్య, నన్ను అన్నా అని పిలుస్తుంది. అలా పిలిచి నా చేత ఏ పనైనా చేయించుకుంటుంది.

వాళ్లలో జుమాగీ అని ఒక మర్యాద ఉంది. పెళ్లయ్యాక వరుసగా ఐదు శుక్రవారాలు కూతురూ అల్లుడూ అమ్మాయి పుట్టింటికి రావాలి. దావత్ చేసి, అల్లుణ్ణి నెత్తిన పెట్టుకుని చూసి పంపుతారు. ఈ రోజుల్లో ఎవరికి తీరిక? చాలా ఇళ్లలో ఒకటో రెండో చేసి మమ అనిపిస్తున్నారు. ఇస్మత్ మాత్రం పట్టు పట్టింది.

"ఐదంటే ఐదు. శుక్రారం జుమ్మా నమాజుకు అల్లుడు మన మసీదుల ఉండాలె. నమాజ్ చదివి ఇంటికొచ్చి నా చేతి ఖానా తినాలె. గట్ల ఐదుసార్లు వస్తనంటేనే నా బిడ్డ. లేకుంటే సముద్రం పక్కన ఉన్నోళ్లను సముద్రం పక్కపొంటనే పిల్లను చూసుకోమను" అంది.

చిక్కు ఏమిటంటే సోహైల్‌కు గురువారం రాత్రి డ్యూటీ. శుక్రవారం తెల్లవారి ఆరింటికి దిగుతాడు. ఆ డ్యూటీ ఇప్పట్లో మారేది కాదు. అప్పుడు బయల్దేరితే రైలులో వచ్చినా రోడ్డు మీద వచ్చినా మధ్యాహ్నం నమాజు వేళకు మా ఊరు చేరడం కల్ల. ఈ మాట తేల్చుకోవడానికి ముస్తకీమ్ స్వయంగా జూలూరుపాడు వచ్చాడు. సూటు వేసుకుని వచ్చాడు. మా ఊళ్లో సూటు వేసుకునేది పెళ్లికొడుకు ఒక్కడే, అదీ ఫోటో దిగేదాకా.

"ఏటండి మన్సూర్ భాయ్, ఇంత చిన్న విషయానికి సంబంధం వదులుకుంటామా? విమానం ఉంది కదండి" అన్నాడు ముస్తకీమ్. ఫోన్ తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి ఎంత దూరమో చెప్పే సైటు అది. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు గాలిలో ఐదొందల చిల్లర, రోడ్డు మీద ఆరొందల చిల్లర అని రెండు అంకెలు చూపించింది. కింద పటం, పటం మీద ఒక నీలం గీత.

"గాల్లో గంటండి. గంటా పావు వేసుకోండి పోనీ. టిఫిన్ తినేలోపు దిగిపోతాడు. నేను ఎన్నిసార్లు తిరగలేదు?" అన్నాడు.

మన్సూర్ ముఖం వెలిగిపోయింది. వ్యాపారి కదా, ఆ రెండు అంకెల మధ్య తేడా ఒక్కటే అతనికి కనిపించింది. "వంద కిలోమీటర్లు మిగులుతున్నయ్ ఆదన్నా" అని నా తొడ మీద చరిచాడు. నేనూ తల ఊపాను. ఆ మిగిలిన వంద ఎవరి జేబులో పడుతుందో నేనూ అడగలేదు. ఆ రెండో విమానాశ్రయం జూలూరుపాడులో లేదన్న సంగతి గదిలో ఉన్న ముగ్గురు మగవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

ఇస్మత్ చాయ్ పళ్లెం కింద పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది. నీలం గీతను వేలితో పెద్దది చేసుకుంటూ పోయింది. గోదావరి వచ్చింది, అడవి వచ్చింది, చివరికి మా ఊరి పేరు వచ్చింది. గీత సరిగ్గా దాని మీదుగా పోతోంది.

"అంటే అల్లుడు పొద్దుగాల నా ఇంటి మీదికెల్లే పోతడు" అంది.

"ఔనండి! చూశారా, దారి కూడా సరిగ్గా కుదిరింది" అన్నాడు ముస్తకీమ్ సంబరంగా.

"పోయి శంషాబాద్‌ల దిగుతడు. మల్ల గంత దూరం కార్ల ఎనుకకు వస్తడు."

"అంతేనండి."

"మరి పోయేటప్పుడే ఓ రస్సీ కట్టుకొని మా బంగ్ల మీద దిగరాదా?"

లోపలి గదిలోంచి తబస్సుం నవ్వు వినబడింది. వెంటనే ఆగిపోయింది. ఆ పిల్లకు ఇది నవ్వులాట కాదు.

ముస్తకీమ్ మాత్రం తగ్గలేదు. జుమ్మాకు ముందే చేరుస్తానని పందెం కట్టినట్టే మాట్లాడాడు. ఇస్మత్ కూడా ఒక మెట్టు దిగింది. "సరే. తారీఖు పెట్టుకునే ముందట ఒక్క శుక్రారం వచ్చి చూపియ్యుమను. అందితే నిఖా. అందకుంటే ఎవరి తొవ్వ వాళ్లది. ఆదన్న ఎంబడి వస్తడు, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తడు. అన్నకు అబద్ధం చెప్పుడు రాదు" అంది.

నా భార్య రామక్క అక్కడ ఉంటే ఆ చివరి మాటకు పడీపడీ నవ్వేది.

అలా నేను బుధవారం సాయంత్రం ఖమ్మంలో రైలెక్కి వైజాగ్ పోయాను. గురువారం సముద్రం చూశాను. బాగానే ఉంది, అవసరానికి మించి ఉంది. శుక్రవారం తెల్లవారగానే ముస్తకీమూ నేనూ విమానాశ్రయానికి పోయాం. సోహైల్ డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు. తల ఇంకా తడిగా ఉంది, రాత్రంతా మేలుకున్న కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో మాడుగుల హల్వా డబ్బా, అత్తగారి కోసం. నాకు నమస్కారం పెట్టాల్సి వస్తే ఆ డబ్బాను ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో ఇరికించుకున్నాడు. కుర్రాడు నాకు అప్పుడే నచ్చాడు.

లోపలికి పోయే గేటు దగ్గర ముస్తకీమ్ నడక నెమ్మదించింది. సూటు లోపల చెమటలు పట్టాయి. గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ జవానును చూశాడు, ఆకాశం చూశాడు, నన్ను చూశాడు.

"ఆదినారాయణగారూ, ఒకటి ఆలోచించానండి. ముగ్గురం ఒకే దారిలో వెళ్తే ఏది దగ్గరో ఎలా తెలుస్తుంది? మీరిద్దరూ గాల్లో వెళ్లండి. నేను కారు మాట్లాడుకుని రాజమండ్రి మీదుగా వచ్చేస్తాను. పోలికకి బావుంటుంది కదండి" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే టాక్సీల వైపు పోయాడు. అంత జల్దీగా ఆయన నడవగా నేను మళ్లీ చూడలేదు.

"మీ మామ ఎన్నోసార్లు విమానంల తిరిగినన్నడు గద?" అని అడిగాను.

సోహైల్ నేల చూపులు చూశాడు. "బస్సులోనే వెళ్తారండి అంకుల్. స్టేటస్‌లో విమానం పెడతారు" అన్నాడు.

విమానం లేచింది. బొగ్గుబావిలోకి కేజ్ లిఫ్టు దిగేటప్పుడు కడుపు గొంతులోకి వస్తుంది, ముప్పై ఏళ్లు ఆ అలవాటు ఉన్నవాణ్ణి. ఇక్కడ కడుపు వైజాగ్‌లోనే ఉండిపోయింది, నేను మాత్రం పైకి వచ్చాను. కుర్చీ చేతిని పట్టుకున్నాననుకున్నాను, తీరా చూస్తే అది సోహైల్ చెయ్యి. పాపం వాడు, వేళ్లు తెల్లబడ్డాక మెల్లగా మరో చెయ్యి ఇచ్చాడు.

కాస్త స్థిమితపడ్డాక మాటల్లో పడ్డాం. అత్తగారికి తన మీద కోపమా అని అడిగాడు. కోపం కాదు, ఐదు శుక్రవారాల పంతం అని చెప్పాను. వాడు హల్వా డబ్బాను ఒళ్లో సర్దుకున్నాడు.

"మా అమ్మ పోయాక శుక్రవారం నాకోసమని ఎవరూ వండలేదండి. మావయ్య బాగానే చూసుకున్నారు, అబద్ధం చెప్పకూడదు. కానీ నువ్వు రావాలి, వచ్చి తినాలి అని పట్టుబట్టినవాళ్లు లేరు. తబస్సుం ఫోన్లో ఈ ఐదు జుమాగీల గొడవ చెప్పినప్పుడు నాకు భయం వేయలేదండి. సంతోషం వేసింది. ఐదు కాదు, యాభై అయినా వస్తాను" అన్నాడు.

కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఏసీ గాలి కళ్లకు పడదు నాకు.

కిటికీలో కొండలు వచ్చాయి. కొండల మధ్య గోదావరి మెలికలు తిరుగుతూ కనబడింది. ఆ తర్వాత అంతా అడవే. భద్రాచలం అటు పక్క ఉండాలి, మా ఊరు ఇటు ముందు ఉండాలి అని లెక్క వేసుకున్నాను. ఇస్మత్ మన్సూర్‌కు ముందే పని పురమాయించింది: విమానం పోయే వేళకు బంగ్లా మీద ఎర్ర పరుపులన్నీ పరచాలి, పైనుంచి మాకు కనబడాలి. నేను అద్దానికి ముక్కు ఆనించి చూశాను. సరిగ్గా అక్కడే ఒక మబ్బు జూలూరుపాడు మండలం మొత్తాన్ని కప్పుకుని పడుకుంది.

ఆ మబ్బు కింద మా ఇల్లు ఉంది. రామక్క ఈపాటికి ఉప్మా చేసి ఉంటుంది. నేను దాని మీదుగా పోతున్నాను, ఆగకుండా పోతున్నాను, పోయి పోయి తిరిగి ఇక్కడికే రావాలి. నా జన్మలో ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అప్పుడే విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఏమైనా కావాలా సార్ అని అడిగింది.

"దిగుత బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల నవ్వి ముందుకు పోయింది. నేను నవ్వులాటకు అనలేదు.

శంషాబాద్‌లో దిగాం. విమానం చెప్పిన వేళకే దిగింది, దాన్ని తప్పు పట్టలేను. కానీ దిగాక నడిచిన నడక ఏ ఫోన్లోనూ లేదు. అద్దాల వసారాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. నేల దానంతటదే నడిచే చోట నేను నిలబడ్డాను, మనుషులు నన్ను దాటుకుని పోయారు. బయటికి వచ్చి, ముందే మాట్లాడిన కారు వెతుక్కుని, ఎక్కి కూర్చునేసరికి గాలిలో మిగిలించుకున్న కాలమంతా కాళ్ల కింద పోయింది.

ఆ తర్వాత రోడ్డు. ఔటర్ రింగు దాటాం, సూర్యాపేట దాటాం. డ్రైవర్ బాగానే తొక్కాడు. దారిలో ఎక్కడైనా ఆగి నాలుగు ఇడ్లీలు తిందామని రెండుసార్లు అన్నాను. "ఆగితే అందదు అంకుల్" అన్నాడు సోహైల్, రెండుసార్లూ. వాడూ తినలేదు. హల్వా డబ్బా మా ఇద్దరి మధ్య సీటు మీద ఉంది. దాని మూత సందులోంచి నెయ్యి వాసన ఖమ్మం దాకా నన్ను వేధించింది.

ఖమ్మంలో మిర్చి లారీలు అడ్డం తిరిగాయి. సీజను మరి. ముందు లారీ, వెనక లారీ, పక్కన మిర్చి బస్తాల ట్రాలీ ఆటో, మధ్యలో తుమ్ముతూ మేము. అప్పుడే ఒక మసీదులోంచి జుమ్మా అజాన్ వినబడింది. ఇక్కణ్ణుంచి జూలూరుపాడుకు ఇంకా గంట పైన పడుతుంది.

సోహైల్ కారు తలుపు తీశాడు. "అంకుల్, అత్తయ్యగారి మసీదుకి ఎలాగూ అందను. పరుగెత్తి అక్కడా ఇక్కడా రెండూ పోగొట్టుకునే బదులు నమాజు ఇక్కడే చదివేస్తానండి. ఓడిపోయానని నేనే చెప్తాను ఆవిడతో" అన్నాడు.

"ఆగురా అయ్యా, జర తొక్కితే..." అన్నాను. నా మాట నాకే నమ్మకంగా వినబడలేదు. వాడు చెప్పులు విడిచి లోపలికి పోయాడు. మిర్చి ఘాటులో ఆ కారులో ఒంటరిగా కూర్చుని నేను మొదటిసారి నిజంగా దిగులుపడ్డాను. ఉన్నదున్నట్టు చెప్పాల్సింది నేను. ఏం చెప్పాలి? తబస్సుం ముఖం చూసి ఎట్లా చెప్పాలి? అప్పటిదాకా నాకు ఇస్మత్ పంతం ముద్దుగానే ఉండేది. ఆ క్షణంలో ఇస్మత్ మీద ఒళ్లు మండింది.

నమాజు అయ్యాక వైరా దాటాం. తల్లాడ సెంటర్లో సత్తుపల్లి నుంచి వచ్చే రోడ్డు కలుస్తుంది. అక్కడ చాయ్ బండి దగ్గర ఒక సూటు నిలబడి ఉంది. దుమ్ము కొట్టుకుని బూడిద రంగుకు తిరిగినా అది ముస్తకీమ్ సూటే అని గుర్తుపట్టాను. చేతిలో చాయ్ గ్లాసు, ఇంకో చేతిలో మిర్చి బజ్జీ.

"వచ్చేశారా! నేనూ ఇప్పుడే వచ్చానండి" అన్నాడు సంతోషంగా. తర్వాత ఆ మాటకు అర్థమేమిటో ఆయనకే తట్టింది, బజ్జీ నమలడం ఆపాడు. విమానం ఎక్కినవాళ్లమూ ఎక్కని ఆయనా తల్లాడ సెంటర్లో ఒకే చాయ్ బండి దగ్గర కలిశాం. ముగ్గురికీ జూలూరుపాడు జుమ్మా దాటిపోయింది. ముస్తకీమ్ ఫోన్‌ను ఒకసారి చూసుకుని లోపలి జేబులో పెట్టేశాడు, ఆ రోజు మళ్లీ తీయలేదు.

రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి జూలూరుపాడు చేరాయి. మసీదు ముందు ఒక్క జత చెప్పులు కూడా లేవు. మన్సూర్ ఇంటి బంగ్లా మీద ఎర్ర పరుపులు మాత్రం ఎండలో ఇంకా పరిచే ఉన్నాయి. గేటు దగ్గర కొత్త టోపీ పెట్టుకుని మన్సూర్ నిలబడి ఉన్నాడు. అతని ముఖం మాత్రం పరుపుల కన్నా ఎర్రగా ఉంది.

"మసీదుల అందరు అడిగిండ్రు. ఇమానంల వస్తున్నడంటివి, ఏడీ నీ అల్లుడు అని. పొద్దుగాలనే పరుపులు పరిచి చేయి గూడ ఊపిన నేను, పోరగాండ్లు నవ్విండ్రు. షరతు షరతే ఆదన్నా. అందలేదు. ఇగ అయిపోయె" అన్నాడు.

"అదేటండి, విమానం లేటు కాలేదు కదండి" అని ముస్తకీమ్ అందుకున్నాడు.

"నువ్వెక్కినవా?" అని నేను అడిగాను. ఆయన సూటు మీద దుమ్ము దులుపుకున్నాడు.

సోహైల్ ఎవరినీ సాయం రమ్మనలేదు. తిన్నగా గుమ్మం దగ్గరికి పోయాడు. ఇస్మత్ అక్కడ నిలబడి ఉంది. ఆమె వెనక తలుపు పట్టుకుని తబస్సుం. ఆ పిల్ల వేళ్లు తలుపును ఎట్లా పట్టుకున్నాయంటే, విమానంలో నేను సోహైల్ చెయ్యిని అట్లాగే పట్టుకున్నాను.

"అందుకోలేకపోయానండి. ఖమ్మంలో అజాన్ అయింది, అక్కడే చదివేశాను. తప్పు నాదే" అన్నాడు సోహైల్. హల్వా డబ్బా రెండు చేతులతో ముందుకు పెట్టాడు.

ఇస్మత్ డబ్బా వైపు చూడలేదు. "తిన్నవా?" అంది.

"లేదండి."

"అన్నా, తిన్నడా?"

ఉన్నదున్నట్టు చెప్పాల్సిన వేళ వచ్చింది. "రాత్రి డ్యూటీ చేసిండు, నిద్ర లేదు. పొద్దుగాలటి నుంచి మెతుకు ముట్టలే చెల్లె. నన్ను గూడ ముట్టనియ్యలే. ఆగితే అందదని ఒక్కటే పాట. ఐదు కాదు యాభైసార్లు వస్తనన్నడు, నీ చేతి ఖానా కోసం. నాకైతే గిసొంటి అల్లుడు దొరికితే శంషాబాద్‌ల కాదు, చంద్రుని మీద దిగినా తెచ్చుకుంట" అన్నాను. 

ఇస్మత్ భర్త వైపు తిరిగింది.

"మనకెన్ని జుమాగీలైనయ్?"

మన్సూర్ టోపీ సర్దుకున్నాడు. బంగ్లా మీద పరుపుల వైపు చూశాడు. "ఇప్పుడు గదెందుకు?" అన్నాడు.

"ఎన్నయినయ్?"

"రెండు."

"ఐదుల రెండు. మా అమ్మగారి ఊరు ఎంత దూరం?"

ఈ ప్రశ్నకు మా ఊళ్లో ఎవరైనా జవాబు చెప్పగలరు. ఇస్మత్ పుట్టిల్లు కారేపల్లి. అక్కడి నుంచి వచ్చే పాలు మా ఊళ్లో విరగకుండానే దిగుతాయి.

"అప్పుడు పెండ్లిళ్ల సీజను గదనే. పరుపుల ఆర్డర్లు మీద పడె, దుకాణం ఇడిసి..." అని మన్సూర్ నసిగాడు.

"మూడు శుక్రారాలు మా అమ్మ గుమ్మంల కూసున్నది. ఆఖరు శుక్రారం మనం రామని తెలిసి గూడ వండింది. వండి, పొద్దుగూకినంక పక్కింటోళ్లకు పంచింది. నాకొక్క మాట అనలేదు ఇన్నేండ్లల్ల. ఇమానం అక్కరలేదు, కారు అక్కరలేదు, సైకిల్ మీద పోయొచ్చే దూరం. నువ్వు రాలేదు" అంది ఇస్మత్. కేకలు వేయలేదు. మామూలు గొంతుతోనే అంది, అందుకే అందరం వినాల్సి వచ్చింది.

తర్వాత సోహైల్ చేతిలోంచి హల్వా డబ్బా అందుకుంది. "ఎప్పుడొస్తడో చూద్దామని కాదు బేటా నేను షరతు పెట్టింది. వస్తడా రాడా చూద్దామని. నువ్వు సముద్రం కాడికెల్లి వచ్చినవ్. రా, కాళ్లు కడుక్కో" అంది.

తబస్సుం తలుపు వదిలేసింది. లోపలికి పరుగెత్తింది, వంటింట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడిన చప్పుడు వినబడింది. ఆ ఇంట్లో అంత మంచి చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. మన్సూర్‌కు మాత్రం ఏం చేయాలో తోచలేదు. గేటు దగ్గరే నిలబడిపోయాడు.

ఆ రోజు బిర్యానీ గురించి ఎక్కువ చెప్పను, చెబితే మళ్లీ ఆకలేస్తుంది. ముస్తకీమ్ మూడోసారి వడ్డించుకుంటూ ఈసారి అందరూ విమానంలోనే రావాలన్నాడు, సోహైల్ దగ్గాడు. తింటుండగానే ఇస్మత్ కొత్త షరతులు చెప్పింది. అల్లుడు జుమ్మాకు రాకున్నా సరే, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు వేళకు వస్తే చాలు. "గా ఇమానం ఒద్దు. సీదా రోడ్డు మీద రా. తల్లాడల ఆగి చాయ్ తాగి రా" అంది. ఇంకొక షరతు మన్సూర్‌కు. కూతురు నిఖా తారీఖు పెట్టుకునే లోపల అతను తన మిగిలిన మూడు జుమాగీలూ కారేపల్లి పోయి తీర్చి రావాలి. వరుసగా మూడు శుక్రవారాలు. సాక్షిగా ఆదన్న పోతాడు.

"నేనేం జేసిన?" అన్నాను.

"నువ్వు దుకాణంల ఉత్తగనే కూసుంటవ్ గద అన్నా" అంది.

ఆ తర్వాతి శుక్రవారం మన్సూర్ దుకాణం షట్టర్ దించాడు. నేను చూస్తుండగా ఆ షట్టర్ శుక్రవారం పొద్దున దించడం అదే మొదలు. అతని బండి మీద వెనక నేను, నా ఒళ్లో మిగిలిన హల్వా. ఇస్మత్ ముందు రోజే పుట్టింటికి పోయింది. కారేపల్లి పొలిమేరలో మన్సూర్ బండి ఆపి, "ఏమంటదో ఆదన్నా" అన్నాడు. మనవలు పుట్టే వయసులో కొత్త అల్లుడి భయం పట్టుకుంది అతనికి.

అజాన్‌కు చాలా ముందే చేరాం. ఇస్మత్ తల్లి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. చెవులు బాగా వినబడతాయి, కళ్లు బాగా కనబడతాయి, మాట ఇంకా బాగా పడుతుంది. కూతురు చెప్పిన కథంతా ఆమెకు తెలుసు. అల్లుణ్ణి టోపీ నుంచి చెప్పుల దాకా తీరిగ్గా చూసింది.

"ఇన్నేండ్లు పట్టె. నువ్వు గూడ శంషాబాద్ మీదికెల్లే వచ్చినవా బేటా?" అంది.

దుకాణంలో ఎంత గట్టి బేరమాడేవాడికైనా జవాబు చెప్పగలిగే మన్సూర్ తల దించుకున్నాడు.

"అవ్ అమ్మీ. జర చుట్టైంది" అన్నాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది. అతని భుజం పట్టుకుని లోపలికి నడుస్తూ, ఇంట్లోకి వినబడేలా కేకేసింది: "ఇస్మత్, పళ్లెం పెట్టు. దామాద్ వచ్చిండు."